నాలుగు అక్షరాల్లో ఇమడని ఉద్యోగం

మంగంపేట నుంచి ఒక లారీ ముగ్గురాయి పొడి బయల్దేరిందంటే, దాని వెంట ఒక కాగితాల కట్ట కూడా బయల్దేరుతుంది. తూకం చీటీ, వేబిల్లు అందరూ ఎరిగినవే. వాటి కింద ల్యాబ్ ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది. ఎగుమతి సరుకైతే పదహారు భాగాల సేఫ్టీ డేటా షీట్ కూడా ఉంటుంది. సాంద్రత ఎంత, 75 మైక్రాన్ల జల్లెడ మీద ఎంత మిగిలింది, నీళ్లలో కరిగే కాల్షియం పాలెంత, దుమ్ము కంట్లో పడితే ఏం చేయాలి, సంచి పగిలితే ఎలా ఎత్తాలి, అన్నీ అందులో ఉంటాయి. ఎవరో కూర్చుని ఒక్కో మాటా చూసుకుని రాసినవే అవన్నీ. రాసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా కనబడదు.

టెక్నికల్ రైటింగ్ అనగానే మనకు హైదరాబాద్ గచ్చిబౌలి గుర్తొస్తుంది, బెంగళూరు గుర్తొస్తుంది. ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే ఉన్న మాట నిజం. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో యూజర్ గైడు రాసినా, ఓబులవారిపల్లె మండలంలో ఒక పల్వరైజింగ్ మిల్లు ఆఫీసులో డేటా షీట్ దిద్దినా చేసే పని ఒకటే. తెలిసినవాడి నోట్లోంచి విషయం రాబట్టాలి, తెలియనివాడి చేతికి అందేలా పెట్టాలి. ఈ అధ్యాయం ఆ పనిలో ఉన్న ఆడవాళ్ల కోసం, ఆ పనికి పోదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం.

రాజంపేటలో ఇంజినీరింగ్ చేసినవాళ్లు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వాళ్లు, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లు ఈ వైపు వస్తుంటారు. కోడింగ్ మీద పెద్ద మనసు లేదు, రాయడం చేతనవుతుంది, ఉద్యోగం కావాలి. అలాంటి అమ్మాయిలు ఈమధ్య అడిగే ప్రశ్న దాదాపు ఒకే తీరుగా ఉంటోంది. "నెట్‌లో టెస్ట్ రాస్తే ఐఎన్ఎఫ్‌జే అని వచ్చిందక్కా. ఈ ఉద్యోగం నాకు పడుతుందా?"

ఆ నాలుగు అక్షరాలను చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పగలమని డబ్బులు తీసుకునే ట్రైనర్లున్నారు, అది వేరే సంగతి.

నిజానికి మైయర్స్-బ్రిగ్స్ అనే ఆ పరీక్ష పుట్టుకే ఆడవాళ్ల ఉద్యోగాలతో ముడిపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో మగవాళ్లు సైన్యంలోకి పోతుంటే ఫ్యాక్టరీల్లోకి, ఆఫీసుల్లోకి ఆడవాళ్లు పెద్దసంఖ్యలో వచ్చారు. వాళ్లలో ఎవరికి ఏ పని నప్పుతుందో ముందే చెప్పగలిగితే బాగుంటుందని ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్‌కు తోచింది. ఆమె తల్లి కేథరిన్ కుక్ బ్రిగ్స్ అప్పటికే కార్ల్ యూంగ్ 1921లో వెలువరించిన వ్యక్తిత్వ రకాల పుస్తకాన్ని ఔపోసన పట్టి ఉంది. కూతురు చదివింది రాజనీతి శాస్త్రం. ఒక డిటెక్టివ్ నవల రాసి బహుమతి కూడా గెలుచుకుంది. మనస్తత్వ శాస్త్రంలో చదువూ లేదు, శిక్షణా లేదు. అయినా పట్టుబట్టి ఇంట్లోనే ప్రశ్నలు తయారుచేసి, తెలిసినవాళ్ల మీద పరీక్షించి, 1943 నాటికి ఒక రూపానికి తెచ్చింది. 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ దాని మాన్యువల్ అచ్చువేసింది. రాత తెలిసిన ఒక ఆడమనిషి తోటి ఆడవాళ్లకు ఉపయోగపడాలని మొదలుపెట్టిన పని అది. ఆ ఉద్దేశాన్ని నేను తక్కువ చేయను.

చిక్కల్లా అది మనిషిని రెండు గదుల్లో ఏదో ఒకదాంట్లో కూర్చోమనడంలో ఉంది. అంతర్ముఖమా, బహిర్ముఖమా? ఆలోచనా, అనుభూతా? ఇలాంటి జంటలు నాలుగు, ఒక్కో జంటకు ఒక అక్షరం. లోకంలో ఎక్కువమంది నడిమధ్యన ఉంటారు. నడిమధ్యన ఉన్న మనిషి ఈ రోజు ఒక జవాబు అటు టిక్కు పెడితే ఒక గది, వచ్చే నెల ఇటు పెడితే ఇంకో గది. కొన్ని వారాల తేడాతో రెండోసారి రాస్తే సగం మంది దాకా కనీసం ఒక అక్షరమైనా మారిపోతుందని ఈ పరీక్షను తూచి చూసినవాళ్లు తేల్చారు. నెల తిరక్కముందే మారిపోయే గుర్తును పట్టుకుని ముప్పై ఏళ్ల ఉద్యోగం ఎంచుకోవడం తెలివైన పని కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నాలుగు జంటల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా కొట్టొచ్చినట్టు కనబడేది 'ఆలోచన–అనుభూతి' జంటలో. అనుభూతి అక్షరం ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. అది చూసి "నీది మెత్తని స్వభావం, నీకు డాక్యుమెంటేషన్ అయితే బాగుంటుంది" అని దారి మళ్లించేవాళ్లు ఉన్నారు. ఆ అమ్మాయికి నెట్‌వర్కింగ్‌లో మంచి పట్టు ఉండొచ్చు, డిజైన్‌లో ఉండొచ్చు. అవేవీ అడగరు. టెక్నికల్ రైటింగ్‌కు ఇష్టంతో రావాలి. "అమ్మాయిలకు హాయిగా ఉంటుంది" అన్న మాట పట్టుకుని వస్తే రెండో ఏడాదికే మొహం మొత్తుతుంది.

అయితే స్వభావానికీ తృప్తికీ సంబంధమే లేదా? ఉంది. పరిశోధకులు ఇప్పుడు గదులు వదిలేసి ఐదు గుణాలను కొలుస్తున్నారు. పనిలో నిష్ఠ, బహిర్ముఖత, ఒద్దిక, కొత్తవాటి మీద ఆసక్తి, ఆదుర్దా. ఇవి అందరిలోనూ ఉంటాయి, పాళ్లే వేరు. 2002లో తిమోతి జడ్జ్, డేనియల్ హెలర్, మైకేల్ మౌంట్ అనే ముగ్గురు 163 నమూనాల లెక్కలు ఒకచోట చేర్చి, ఈ గుణాలకూ ఉద్యోగ తృప్తికీ ముడి ఎంతుందో చూశారు. అవి అన్ని రకాల ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల లెక్కలు, రాతపని వాళ్లవి మాత్రమే కావు. ఆదుర్దాకు −0.29, నిష్ఠకు 0.26, బహిర్ముఖతకు 0.25, ఒద్దికకు 0.17 వచ్చింది. కొత్తవాటి మీద ఆసక్తికి 0.02, అంటే లేనట్టే. సున్నా అంటే సంబంధం లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని అర్థం. ముందు మైనస్ ఉంటే ఆ గుణం పెరిగేకొద్దీ తృప్తి తగ్గుతుందని. 0.25 వినడానికి పెద్దగానే ఉంటుంది కానీ, మనిషికీ మనిషికీ తృప్తిలో ఉన్న తేడాలో బహిర్ముఖత వల్ల తెలిసేది వందలో ఆరు పాళ్లే.

ఈ అంకెల్లో నన్ను ఆపేసింది చివరిది. రాతపనికి వచ్చేవాళ్లు తమ గురించి గొప్పగా చెప్పుకునే గుణం అదే కదా, కొత్తది ఏదైనా ఇట్టే నేర్చుకుంటామని. ఇంటర్వ్యూలో అది పనికొస్తుంది. ఉద్యోగంలో తృప్తిని మాత్రం అది మోసుకురాదు.

ఆదుర్దా సంగతి కొంచెం నిలబడి చూడాల్సింది. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీళ్లలో కరగదు. పేగుల ఎక్స్‌రే తీసేముందు రోగి చేత తాగించేది కూడా బేరియం సల్ఫేటే. బేరియం కార్బొనేట్ అలా కాదు, కడుపులోని ఆమ్లంలో కరిగి విషమవుతుంది, ఎలుకల మందుగా వాడిన పదార్థం. డేటా షీట్‌లో మూడో భాగం పదార్థాల వివరాలది, నాలుగోది ప్రథమ చికిత్సది. పాత ఫైలు కాపీ కొట్టి పేరు మార్చడం మరిచిపోతే సల్ఫేట్ ఉండాల్సిన చోట కార్బొనేట్ ఉంటుంది. చదివిన డాక్టరు ఇంకో చికిత్స మొదలుపెడతాడు. రాత్రి పడుకున్నాక "ఆ మాట సరిగ్గా రాశానా?" అని లేచి చూసుకునే మనిషి ఇక్కడ బంగారం. ఆ మనిషికే తృప్తి తక్కువగా ఉంటుందని పై లెక్కలు చెబుతున్నాయి. కంపెనీకి లాభం చేసే గుణం మనిషికి నష్టం చేస్తోందన్నమాట. దీనికి మందు ఉంది, ఉపన్యాసం కాదు, చెక్‌లిస్టు. పదార్థం పేరు, సీఏఎస్ నంబరు (రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), సాంద్రత, తేదీ, వెర్షన్ నంబరు. ఈ ఐదూ చూసి టిక్కు పెట్టి, ఇంకొకరి చేత సంతకం చేయించుకుని పంపేయండి. సంతకం పడ్డాక ఆ భయం ఇద్దరిదీ. ఒక్కరే మోయడానికి కంపెనీ మీకు ఇద్దరి జీతం ఇవ్వడం లేదు.

ఇక ఈ ఉద్యోగంలో రోజు ఎలా గడుస్తుందో ఎవరూ ముందు చెప్పరు. మాట్లాడే పని ఉండదని అంతర్ముఖులు వస్తారు, రోజంతా నోరు కట్టేసుకుని కూర్చోవాలని బహిర్ముఖులు భయపడతారు. ఇద్దరూ పొరబడతారు. టైపు చేసే సమయం మీరు అనుకున్నంత ఉండదు. ఇంజినీర్ల వెంట పడాలి. "రేపు చూస్తానమ్మా" అన్న రివ్యూ కోసం వారం తిరగాలి. చెప్పిందాంట్లో పొంతన లేకపోతే మళ్లీ పోయి అడగాలి. మెషీన్ని స్వయంగా తిప్పి చూడాలి. ఒక్క అంకె మారితే అది ఎన్ని పేజీల్లో ఉందో వెతకాలి. ఆయిల్ బావుల్లో వాడే ముగ్గురాయికి 4.2 సాంద్రత ఉండాలన్నది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణం. మంచి రాయి తగ్గిపోతోందని 2010లో 4.1 రకాన్ని కూడా చేర్చింది. గని దగ్గర అదొక వ్యాపార వార్త. రాసేవాళ్లకు మాత్రం సర్టిఫికెట్ నమూనాలు, సంచి మీద లేబుళ్లు, కొటేషన్లు, డేటా షీట్లు అన్నిటినీ దిద్దాల్సిన రోజులు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మెనూ పేరు మారినా ఇదే కథ.

అందుకే "నా స్వభావం ఏమిటి?" అన్న ప్రశ్న పక్కనపెట్టి, "నా పని ఎలాంటిది?" అని అడగమంటాను. దీనికి మంచి కొలబద్ద 1970ల్లోనే తయారైంది. రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు అమెరికన్లు ఉద్యోగంలో ఐదు విషయాలు చూడమన్నారు. చేసే పనుల్లో వైవిధ్యం ఉందా? మొదటి నుంచి చివరి దాకా మీ చేతి మీదుగా నడిచే పని ఏదైనా ఉందా? అది ఎవరికైనా పట్టే పనేనా? మీ నిర్ణయం ఎంతవరకు చెల్లుతుంది? బాగా చేశారో లేదో మీకు తెలుస్తుందా?

మొదటి నాలుగిటిలో టెక్నికల్ రైటింగ్‌కు ఎంతో కొంత మార్కులు పడతాయి. మూడోదాంట్లో అయితే బోలెడు పడాలి. ఆయిల్ బావి తవ్వేటప్పుడు కింది నుంచి గ్యాస్ ఎగదన్నకుండా అదిమిపెట్టేది ముగ్గురాయి కలిపిన బురద బరువే. ఆ బురద కలిపే ఇంజినీరు ఎక్కడో గల్ఫ్‌లో రిగ్ మీద నిలబడి, మంగంపేట వైపు నుంచి వచ్చిన సర్టిఫికెట్‌లోని సాంద్రత అంకెను నమ్మి లెక్క కడతాడు. అంత పట్టింపు ఉన్న రాత ఇది. అయినా రాసినమ్మాయికి తన పని పనికిరానిదిగా అనిపిస్తుంది. ఎందుకంటే ఐదో ప్రశ్నకు జవాబు లేదు. గల్ఫ్ ఇంజినీరు ఫోన్ చేసి "బాగా రాశావమ్మా" అనడు. అర్థమైతే ఎవరూ మాట్లాడరు, అర్థం కాకపోతే తిట్టు వస్తుంది. ఎంత బాగా రాస్తే అంత నిశ్శబ్దం. ఈ ఉద్యోగంలో అసంతృప్తికి నేను చూసినంతలో అతి పెద్ద కారణం ఇదే, అంతర్ముఖుల్లోనూ బహిర్ముఖుల్లోనూ.

కాబట్టి చదివేవాళ్ల మొహం చూసే వీలు మీరే కల్పించుకోవాలి. ఇది ఎలా ఉంటుందో ఒక బోర్డు పట్టుకుని చూపిస్తాను. గనుల దగ్గర, క్వారీల దగ్గర ఇలాంటి వాక్యాలు కనబడుతుంటాయి: "బ్లాస్టింగ్ సమయమున అనధికార వ్యక్తులు నిషేధిత ప్రాంతములోనికి ప్రవేశింపరాదు." తప్పేమీ లేదు. దాన్ని లారీ డ్రైవరుకు చూపించి, "నువ్వేం చేయాలన్నా?" అని అడగండి. "ఇదేందిమ్మా, కోర్టు కాగితం మాదిరి ఉంది" అంటాడు. ఎప్పుడు ఆగాలో, ఎక్కడ ఆగాలో, మళ్లీ ఎప్పుడు కదలాలో అందులో లేవు. ఇప్పుడిలా రాయండి: "సైరన్ మోగితే ఎర్రజెండా దగ్గరే బండి ఆపండి. పేలుడు అయిపోయాక మళ్లీ సైరన్ మోగుతుంది. అప్పుడే కదలండి." చూపించండి. "రెండోసారి సైరన్ మోగిందంటే పోవచ్చునా?" అని అడుగుతాడు. జెండా దించేదాకా ఆగాలేమో, గనిలో పద్ధతి ఏమిటో కనుక్కుని ఆ ముక్క కూడా చేర్చండి. ఇంకోసారి చూపించండి. ఈసారి అతను చదివి తలూపి టీ తాగడానికి పోతాడు. ఆ తలూపడం చూసిన రోజు మీకు ఏ అప్రైజల్ లెటరూ ఇవ్వనిది దొరుకుతుంది. బద్వేలు దగ్గరి గోపవరం మొల్ల అని మన వైపువాళ్లు గర్వంగా చెప్పుకునే కవయిత్రి, చదవగానే అర్థంకాని మాటలతో కావ్యం ఎందుకని తన రామాయణం మొదట్లోనే వాదించింది. ఈ నేల మీద ఆ వాదం కొత్తది కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు లారీ డ్రైవరు దొరకడు, సపోర్ట్ టీమ్ దొరుకుతుంది. కస్టమర్లు ఏ ప్రశ్నలతో ఫోన్ చేస్తున్నారో చూడనివ్వమని మేనేజర్ని అడగండి. మీరు ఒక పేజీ తిరగరాశాక ఆ ప్రశ్నతో వచ్చే కాల్స్ తగ్గితే, ఆ ముందు వెనుక సంఖ్యలు రాసిపెట్టుకోండి. మీకు తృప్తి, అప్రైజల్‌లో ఆధారం.

ఆడవాళ్లకు ఈ చూసే వీలే అసలు చిక్కు అయిన రోజులున్నాయి. 1952 గనుల చట్టం రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఓపెన్‌కాస్ట్ గనుల్లోనూ ఆడవాళ్లను పనిలో పెట్టుకోకూడదంది. మంగంపేట ఓపెన్‌కాస్ట్ గనే. రాత్రి షిఫ్టులో యంత్రాలు ఎలా నడపాలో రాయాల్సిన అమ్మాయి ఆ రాత్రి షిఫ్టును చూడలేకపోయేది, పగలు ఎవరో చెప్పింది విని రాయాల్సి వచ్చేది. 2019 జనవరి 29న కేంద్ర కార్మిక శాఖ దీన్ని సడలించింది. రాతపూర్వకంగా అంగీకారం తీసుకుని, తగిన రక్షణ కల్పించి, షిఫ్టుకు ముగ్గురికి తక్కువ కాకుండా ఆడవాళ్లను రాత్రి కూడా పెట్టుకోవచ్చంది. మీ కంపెనీలో చట్టం అడ్డు లేకపోయినా అలవాటు అడ్డుంటుంది. "సైటుకు నువ్వెందుకమ్మా, వాళ్లే చెబుతారు, రాసెయ్" అంటారు. అక్కడ మెత్తబడకండి. "చూడకుండా రాసిన దాని మీద నేను సంతకం పెట్టలేను సార్" అన్న ఒక్క వాక్యం చాలు. మీ మీద జాలితో కాకపోయినా, ఆడిట్ భయంతో బండి పంపిస్తారు.

ఇప్పుడు తృప్తి అన్న మాటనే కాస్త అనుమానించాలి. ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ సర్వే లెక్కలు పట్టుకుని 1997లో ఒక వ్యాసం రాశాడు. జీతం, హోదా, ప్రమోషన్లు అన్నిటా వెనకబడి ఉన్నా, ఉద్యోగంలో తృప్తి ఎంత అని అడిగితే ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువే చెబుతున్నారు. ఎందుకలా? ఆశించింది తక్కువ కాబట్టి, అని ఆయన తేల్చాడు. చిన్నవయసువాళ్లలో, పెద్ద చదువులు చదివినవాళ్లలో, మగవాళ్లు ఎక్కువగా ఉన్నచోట పనిచేసేవాళ్లలో ఆ తేడా కనబడలేదు. పక్క సీటులో ఏం దొరుకుతోందో తెలిసినవాళ్లకు, తమకు ఏం రావాలో కూడా తెలుస్తుంది.

ఇది చదివినప్పుడు మన ఇళ్లే కళ్లముందుకొచ్చాయి. ఇంటి నుంచి పనిచేసే అమ్మాయి గురించి అమ్మ పక్కింటావిడతో అనే మాట మీరూ వినే ఉంటారు. "ఇంటికాడ్నే కూచోని జీతం తెచ్చుకుంటాంది, ఇంగేం గావల్ల?" ఆ 'ఇంకేం కావాలి' మెల్లగా మన నోట్లోకే వచ్చేస్తుంది. జీతం పెంచలేదా? ఇంకేం కావాలి, ఇంటిపట్టునే ఉన్నాం కదా. మూడేళ్లుగా అదే హోదానా? ఇంకేం కావాలి, మేనేజర్ మంచివాడు కదా. ఈ సర్దుబాటును తృప్తి అని రాసుకోకండి. రెండూ వేర్వేరు ఖాతాలు.

విడదీయడానికి ఒక చిన్న పని చేయండి. ఒక నోటుపుస్తకం తీసుకుని రెండు వారాలపాటు పని ముగిశాక మూడు వాక్యాలు రాయండి. ఈ రోజు ఏ పని చేస్తున్నప్పుడు టైము చూసుకోలేదు? ఏ పనికి ముందు పది నిమిషాలు ఫోన్ పట్టుకుని వాయిదా వేశాను? మూడోది అసలైనది. ఈ రోజు జరిగిందాంట్లో, పక్క సీటులో ఉన్న అబ్బాయికి జరిగి ఉంటే అతను ఊరుకోని విషయం ఏమైనా ఉందా? మొదటి రెండు జవాబులూ మీ స్వభావం గురించి చెబుతాయి. మూడోది మీ ఉద్యోగం గురించి చెబుతుంది. అన్నీ కలిపి 'నాకీ పని పడటం లేదు' అని తీర్మానించుకునేవాళ్లు చాలామందే. పుస్తకం తిరగేస్తే, పని బాగానే పడుతోంది, పడనిది మూడో వరసలో ఉందని తేలుతుంది.

మొదటి రెండు వరసల్లో తేలింది సర్దుకోవడం మీ చేతిలో ఉంది. నలుగురితో మాట్లాడితే ప్రాణం లేచొచ్చేవాళ్లయితే ఇంజినీర్లను కలిసే పనులు, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పనులు మీ వైపు లాక్కోండి. వీడియోలకు స్క్రిప్టు రాసే పని వస్తే వదలకండి. మాట్లాడాక అలసిపోయేవాళ్లయితే ప్రశ్నలన్నీ రాసి ముందురోజే పంపి, అరగంట మీటింగులో జవాబులు తీసుకోండి. మీటింగులన్నీ మంగళ, గురువారాల్లో పెట్టుకుని మిగతా రోజులు రాతకు ఉంచుకోండి. ఒద్దిక ఎక్కువున్నవాళ్లకు రివ్యూలు గండం. ఎవరు ఏ సవరణ చెప్పినా చేసేస్తారు, చివరికి పేజీ నలుగురి గొంతులతో నిండిపోతుంది. అలాంటివాళ్లు స్టైల్ గైడును అడ్డం పెట్టుకోవాలి. "నేను కాదన్నాననుకోకండి సార్, గైడులో ఇలా ఉంది" అంటే గొడవ మీతో కాకుండా పుస్తకంతో అవుతుంది. నిష్ఠ మరీ ఎక్కువున్నవాళ్లకు ఒకటే సలహా: తేదీ వచ్చాక వదిలేయండి, వెర్షన్ రెండు అనేది అందుకే ఉంది.

మూడో వరస సంగతి స్వభావంతో సర్దేది కాదు, నోటితో అడిగేది. అన్నిటికన్నా మామూలుగా కనబడే ఉదాహరణ మీటింగ్ మినిట్స్. "నువ్వు బాగా రాస్తావు కదమ్మా, మినిట్స్ నువ్వే చూసుకో." ఒకసారి ఒప్పుకుంటే అది మీ పనైపోతుంది. గంట మీటింగు, ఇంకో గంట రాత, అప్రైజల్‌లో దాని ఊసుండదు. పైగా మినిట్స్ రాసే మనిషి మాట్లాడలేదు, మాట్లాడనిదాన్ని అంతర్ముఖురాలని ముద్ర వేస్తారు. నవ్వుతూనే "వంతులు వేసుకుందాం సార్, ఈ వారం నేను రాస్తా, వచ్చే వారం ప్రసాద్ రాస్తాడు" అనండి. ప్రసాద్ అన్న చోట మీ టీములో ఎవరుంటే వాళ్ల పేరు పెట్టుకోండి. మీరు చేసిన రాతకు మీ పేరు కనబడాలని కూడా అడగండి. కస్టమర్ చూసే పేజీలో వీలుకాకపోతే వెర్షన్ హిస్టరీలోనైనా ఉండాలి.

కొత్తగా ఉద్యోగానికి పోయేవాళ్లు ఇంటర్వ్యూ చివర "ఏమైనా అడుగుతారా?" అన్నప్పుడు జీతంతో పాటు ఇవి అడగండి. రాసింది ఎవరు రివ్యూ చేస్తారు, ఎన్ని రోజుల్లో? ప్రొడక్టును నేను స్వయంగా వాడి చూడొచ్చా? రైటర్లలో ఇక్కడ పైకి ఎదిగినవాళ్లు ఉన్నారా, ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారు? చివరి ప్రశ్నకు అవతలివాళ్లు నీళ్లు నమిలితే అదే జవాబు. వృత్తి సంఘాల అండ కూడా ఇదివరకటిలా లేదు. 1950ల నుంచి నడిచిన అమెరికా సంస్థ సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ 2025 జనవరిలో దివాలా తీసి మూతపడింది. మన దేశంలోనూ దాని శాఖ ఉండేది. ఏఐ ఎలాగూ తలుపు తడుతోంది. మామూలు రిలీజ్ నోట్స్ అది రాసేస్తుంది. ఎర్రజెండా దగ్గర డ్రైవరుకు ఏ అనుమానం వస్తుందో పోయి అడిగిరావడం దానికి చేతకాదు, మీ విలువ ఆ వైపు పెంచుకోండి.

అడగాల్సినవన్నీ అడిగి, మార్చుకోగలిగినవి మార్చుకుని, ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాసినప్పుడు కూడా పుస్తకంలో మూడో వరస అలాగే నిండుతుంటే కంపెనీ మారండి. మొదటి రెండు వరసలే దిగులుగా ఉంటే పని మారండి, అందులో నామోషీ లేదు. పక్క తలుపులు చాలా ఉన్నాయి. హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో రెగ్యులేటరీ రైటింగ్ ఉంది. ఒక మందుకు అనుమతి అడిగే ఫైలు ఐదు మాడ్యూళ్లతో వేల పేజీలు నడుస్తుంది, బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లకు అది సరిపోతుంది. యాప్‌లలో బటన్ల మీద, తెరల మీద మాటలు రాసే యూఎక్స్ రైటింగ్ ఉంది, పొట్టిగా రాయగలిగినవాళ్లది ఆ పని. టెస్టింగ్ ఉంది, శిక్షణ ఉంది. మంగంపేట, కోడూరు వైపే ఉండిపోవాలనుకునేవాళ్లకు మిల్లుల ఎగుమతి పత్రాలు, సేఫ్టీ పద్ధతుల తెలుగు సేతలు ఉన్నాయి, జీతం తక్కువైనా చదివేవాళ్లు కళ్లెదుటే ఉంటారు.

ఎటు పోయినా రాసిన నమూనా చూపించమంటారు. కంపెనీ కాగితాలు బయట చూపకూడదు కాబట్టి సొంతంగా ఒకటి తయారుచేసుకోండి. కోడూరు చుట్టుపక్కల మామిడి, బొప్పాయి, అరటి తోటల్లో డ్రిప్పు లేని చోటు తక్కువ. డ్రిప్పు ఫిల్టరు ఎలా కడగాలో ఒక్క పేజీలో, బొమ్మతో సహా, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాయండి. తెలుగు పేజీని మీ నాయన చేతికిచ్చి, ఒక్క మాటా సాయం చేయకుండా పక్కన నిలబడండి. ఆయన ఏ మెట్టు దగ్గర ఆగి మీ వైపు చూస్తాడో ఆ మెట్టు తిరగరాసి, ఇంగ్లీషు పేజీలోనూ దిద్దుకుని, అప్పుడు రెజ్యూమెకు జతచేయండి.